జోజిబాబు కుండ మీద చుక్కలు

ఈ పోస్ట్ చదవబోతున్న మా బీఎస్సీ బ్యాచ్ పెద్దమనుషులకు, వారి మనవలకు, ఇందులో ప్రస్తావన రాబోతున్న సమస్త గెలాక్సీలకు ముందుగా చేతులు జోడించి క్షమాపణలు.

నివాళి రాయడం నాకు రాదు. క్లాసులో నా డ్యూటీ వెనక బెంచీలో కూర్చుని నవ్వించడం. డెబ్భై దాటినా ప్రమోషన్ రాలేదు.

నిన్న పొద్దున స్టెల్లా ఫోన్ చేసింది. జోజిబాబు కూతురు.

"అంకుల్, నాన్న లేరు" అంది.

"ఎక్కడికెళ్ళాడమ్మా?" అన్నాను.

జోక్ కాదు. నిజంగానే అడిగాను. అటునుంచి ఏడుపు వినబడ్డాక గాని అర్థం కాలేదు.

గుణదల వెళ్ళి చూసి వచ్చాను. చాలా నీట్‌గా ఇస్త్రీ చేసిన చొక్కా వేశారు. బతికుండగా వాడు ఎప్పుడూ అంత నీట్‌గా లేడు.

మీలో చిన్నవాళ్ళకి వాడు స్కూల్లో లెక్కలు చెప్పిన జోజిబాబు మాస్టారుగానే తెలుసు. మాకు మాత్రం గామా కిరణాల జోజి.

డెబ్భైల మధ్యలో సంగతి. మేం ఫైనలియర్.

ఎవరైనా దొంగచాటుగా అణుబాంబులు పేలుస్తున్నారేమో కనిపెట్టడానికి అమెరికా వాళ్ళు పైన ఉపగ్రహాలు పెట్టారు. వాటికి బాంబులకు బదులు ఇంకేదో దొరికింది. ఆకాశంలో ఎక్కడో గామా కిరణాలు భగ్గుమని మెరిసి, క్షణాల్లో మాయమవుతున్నాయి. అవి ఎక్కడివో ఎవరికీ తెలియదు.

మన పాలపుంతలోవే అని ఎక్కువమంది నమ్మకం. అంతకన్నా దూరం నుంచైతే ఆ పేలుడు ఊహకి అందనంత పెద్దదై ఉండాలి, అది జరిగే పని కాదు అని.

జోజి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. వేరే గెలాక్సీల్లో పుట్టి వస్తున్నాయి అనేవాడు. బందరు కాలవ గట్టు మీద సైకిల్ తొక్కుతూ అనేవాడు. వెనక క్యారియర్ మీద నేను.

"మన సిటీ బస్సే టైముకి రాదు, వేరే గెలాక్సీ నుంచి ఏదొస్తుందిరా" అనేవాణ్ణి.

"నవ్వు సాంబా, నవ్వు. సెమినార్ రోజు చూద్దువుగాని" అనేవాడు.

ఆ సెమినార్‌కి యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ గారు వస్తున్నారు. ఆయనకి నచ్చిన కుర్రాడికి ఎమ్మెస్సీ సీటు, ఆ తర్వాత ఆయన దగ్గరే రీసెర్చ్. మా ఫిజిక్స్ మాస్టారు జోజి పేరు ముందే చెప్పి ఉంచారు. వాళ్ళ నాన్నది పొలం పని. సొంత ఖర్చుతో ఎమ్మెస్సీ అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఉన్నది ఆ ఒక్క దారే.

వాడు మట్టికుండ కొని, దాని నడుం చుట్టూ సున్నంతో తెల్లటి బెల్టు గీశాడు. కుండ ఆకాశం. బెల్టు పాలపుంత. మెరుపు వచ్చిన చోటల్లా సైకిల్ షాపులో అడిగి తెచ్చిన పచ్చ పెయింటుతో చుక్క. చుక్కలు బెల్టు మీదే గుమిగూడితే అవి మన ఇంటివి. కుండంతా చెల్లాచెదురుగా పడితే బయటివి కావచ్చు.

లైబ్రరీకి ఓడ మీద వచ్చే సైన్సు పత్రికలో ఆ మెరుపుల దిక్కులు అచ్చయ్యాయి. బతిమాలితే ఒక్క పూటకి ఇంటికిచ్చారు. జోజి వాళ్ళ వసారాలో కూర్చుని నేను పత్రిక చూసి అంకెలు చదువుతున్నాను. వాడు దారం పట్టి, కొలిచి చుక్క పెడుతున్నాడు.

మొదటివి ఎటుపడితే అటు పడ్డాయి. వాడి ముఖం వెలిగిపోయింది. వాళ్ళమ్మగారు మజ్జిగ తెచ్చి, "ఏంటయ్యా, కుండకి అమ్మోరు పోసిందా?" అన్నారు. అందరం నవ్వాం.

తర్వాతవన్నీ వరసగా బెల్టు మీదే పడ్డాయి.

వాడు పెయింటు డబ్బా మూత బిగించాడు.

సెమినార్ రోజు కుండ పట్టుకుని స్టేజీ ఎక్కాడు. దాన్ని ఒక చుట్టు తిప్పి అందరికీ చూపించాడు. "నేను అనుకున్నది వేరండీ. చుక్కలు చెబుతున్నది వేరు. ఇవి మన గెలాక్సీలోవే అయ్యుంటాయి" అని దిగిపోయాడు.

ప్రొఫెసర్ గారు తలూపారు. అందరికీ తెలిసిందే కదా అన్నారు. సీటు ఇంకొకరికి వెళ్ళింది.

బయటికొచ్చాక వాడు నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు చదివిపెట్టావు కాబట్టి సరిపోయింది సాంబా. లేకపోతే అంతమందిలో తప్పు చెప్పేవాణ్ణి" అన్నాడు.

థాంక్స్ చెప్పాడండీ. నాకు.

ఇరవై ఏళ్ళు దాటాక ఒకరోజు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. "ఒరేయ్, పేపర్ చూశావా? ఆ మెరుపులు వేరే గెలాక్సీల్లోవేనంట. ఎక్కడో, లెక్కకి అందనంత దూరంలో" అన్నాడు. గొంతులో బాధ అన్నది లేదు. పిల్లాడిలా ఊగిపోతున్నాడు.

ఆఖర్న, "అప్పట్లో మన దగ్గరున్నవి తక్కువ కదరా, అందుకే చుక్కలు అలా పడ్డాయి" అన్నాడు.

నేను "బిల్లెక్కువవుద్ది, పెట్టెయ్" అన్నాను.

జోజీ, చుక్కలు తక్కువై కాదురా.

మీ వసారాలో కూర్చున్న ఆ రోజు గవర్నర్‌పేటలో మ్యాటనీకి టైమైపోతోంది. బెల్టుకి దూరంగా పడే చుక్కకి నువ్వు దారం పట్టి, కొలిచి, మళ్ళీ కొలిచేవాడివి. బెల్టు మీద పడేదానికైతే చిటికెలో పెట్టేసేవాడివి. అందుకని సగం నుంచి పత్రికలో ఉన్నవి చదవడం మానేశాను. త్వరగా అయిపోయేలా, బెల్టు మీద పడే అంకెలే నోటికొచ్చినట్టు చెప్పాను.

సినిమాకి నేనొక్కణ్ణే వెళ్ళాను. ఇంటర్వెల్‌లో కూడా నిన్ను తలుచుకోలేదు.

నువ్వు కరెక్ట్ రా. మొదట్నుంచీ.

వెళ్ళిరా జోజీ. నీకు ప్రశాంతత దొరకాలి. నా సంగతి తర్వాత.