పెట్టుడు పేరు లేని అల్వీనా హేలాక్

పెలికన్ బైట్‌లో పుట్టిన ప్రతివాడూ హేలాకే. పెళ్ళాడి వచ్చినవాళ్ళు కూడా ఏడాది తిరక్కుండా హేలాక్‌లయిపోతారు. రొయాటన్ దీవి తూర్పు కొసన, నీళ్ళలో గుంజలు పాతి కట్టుకున్న ఎనభై ఇళ్ళ ఊరు మాది. ఎప్పుడో ఇద్దరు అన్నదమ్ములు పడవేసుకుని వచ్చి ఈ మొనకి తగులుకున్నారట. వాళ్ళు తెచ్చిన ఇంటిపేరు ఒక్కటే. మేమూ పొదుపరులం, దాన్నే ఇప్పటిదాకా వాడుకుంటున్నాం.

ఒకసారి గుర్తింపు కార్డులు రాయడానికి అవతలి పెద్దనేల నుంచి స్పానిష్ గుమాస్తా వచ్చాడు. వాళ్ళ పద్ధతిలో మనిషికి రెండు ఇంటిపేర్లు, తండ్రిదొకటి, తల్లిదొకటి. హేలాక్ హేలాక్, హేలాక్ హేలాక్ అని ఆరుగురికి రాసి, ఏడో మనిషి దగ్గర కలం కింద పెట్టేశాడు.

"మీరంతా కలిసి నాతో ఆడుకుంటున్నారా?" అన్నాడు, ముఖం కందగడ్డ చేసుకుని.

"ఆడుకోవడానికి మా దగ్గర ఇంకో పేరేదీ నాయనా?" అంది పక్కన నిలబడి మాట కలుపుతున్న అల్వీనా, మా ఊరి తపాలా చూసే మనిషి. పాపం, కాసిని కొబ్బరినీళ్ళు తాగి మళ్ళీ రాసుకున్నాడు.

ఇంటిపేరుతో పనిజరగదు కాబట్టి మా ఊళ్ళో మనిషిని పట్టిచ్చేది పెట్టుడు పేరే. వెస్లీ హేలాక్‌లే ఐదుగురున్నారు. ఒకడు రెండుమునకలు. బాప్తిస్మమప్పుడు పాస్టరుగారి చేతిలోంచి జారిపోయి మళ్ళీ మునగాల్సి వచ్చినవాడు. ఇంకొకడు నేచెప్పలా. తుఫాను వెలిసిన ప్రతిసారీ వచ్చి "నే చెప్పలా?" అంటాడు, ముందు మాత్రం చచ్చినా చెప్పడు. మరొకడు వంకరగీత. ఊరి బోర్డులన్నీ రాసేది వాడే, అదీ మా ఖర్మ.

ఈ పేర్లకో కట్టుబాటుంది. ఎవరికి వాళ్ళు పెట్టుకోకూడదు, ఊరే పెడుతుంది. కానీ మొదటిసారి ముఖాన పిలిచే హక్కు ఒక్కరిదే. ఏ సంగతి వల్ల పేరొచ్చిందో, ఆ సంగతిలో నలిగింది ఎవరో వాళ్ళది. బోర్లాకెప్టెన్‌ని మొదట అలా పిలిచింది వాళ్ళావిడే. గాలన్నదే లేని రోజున ఆయన తిరగేసిన పడవ వీపుమీద కూర్చుని, ఆదివారం టోపీ పిండుకుంటూ పిలిచింది. ఆవిడ అన్నాక ఊరంతా అంది. అంతదాకా పేరు మనిషి వెనకాలే తిరగాలి తప్ప ఎదురుపడకూడదు.

ఇన్ని పేర్లూ తలకాయలో పెట్టుకుని బతికింది అల్వీనా. జెట్టీ పక్కన చిన్న గదిలో నలభై నాలుగేళ్ళుగా ఆవిడే తపాలా. సెల్‌ఫోన్లు ఇంకా మా దీవికి రాని రోజులు. మగాళ్ళంతా ఓడలమీద, వాళ్ళ బతుకంతా ఉత్తరాల్లో. కవరుమీద 'వెస్లీ హేలాక్, పెలికన్ బైట్' అని తప్ప ఇంకేం ఉండదు. అల్వీనా ముద్ర చూస్తుంది, రాత చూస్తుంది, ఒక్కోసారి వాసన చూస్తుంది. హాంబర్గ్ ముద్రయితే రెండుమునకలది, వాడి తమ్ముడక్కడి ఓడలో పనిచేస్తాడు. గులాబీరంగు కవరైతే నేచెప్పలాది, వాడి పెళ్ళాం లేనప్పుడివ్వాలి. ఒక్క ఉత్తరం తప్పు చేతికి పోలేదు. పెళ్ళి చేసుకోలేదు, ఊరు దాటలేదు, ఎవరితోనూ గట్టిగా పోట్లాడలేదు. అరవై తొమ్మిదేళ్ళు వచ్చాయి, ఆవిడకి పెట్టుడు పేరు మాత్రం రాలేదు.

రాకపోతేనేం అని ఆవిడా ఊరుకునేది. ఆ బోర్డు గొడవ రాకపోతే అలాగే ఊరుకునేది కూడా.

ఊరు పుట్టి నూటయాభై ఏళ్ళయిందని స్కూలు పెద్ద టీచరు క్లారిబెల్ లెక్కగట్టింది. చర్చి హాల్లో మీటింగు పెట్టి, 'హేలాక్‌లలో పేరుమోసినవాళ్ళు' అని పెద్ద బోర్డు రాయించి గోడకి పెడదామంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అయితే చెప్పండి, మనవాళ్ళలో జడ్జీలెవరు?" అంది టీచరు.

"డాక్టర్లు?"

"మేకలకి మందిచ్చే మా బావున్నాడు," అన్నారెవరో వెనకనుంచి.

"పోనీ, పెద్ద కెప్టెన్లు?"

అందరూ బోర్లాకెప్టెన్ వంక చూశారు. ఆయన కిటికీలోంచి సముద్రం చూశాడు.

అప్పుడు లేచాడు నేచెప్పలా. "టీచరమ్మా, మీరు పుస్తకాల్లో వెతుకుతున్నారు. మనిషిని ఊరు గుర్తుపట్టిందనడానికి మనకు కొలత లేదా ఏంటి? ఎవడికి పెట్టుడు పేరుందో వాడే పేరుమోసినవాడు. లేనివాడు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే!" హాలు దద్దరిల్లిపోయింది. బతికున్నవాళ్ళనీ పోయినవాళ్ళనీ కలిపి పట్టీ రాసిచ్చే పని అల్వీనాకి అప్పగించారు, ఇంకెవరికి తెలుసు గనక.

అల్వీనా నవ్వుతూనే తలూపింది. ఇంటికెళ్ళి తలుపేసుకుని మంచమ్మీద కూలబడింది. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే! నలభై నాలుగేళ్ళు ఎండనకా వాననకా ఇంటింటికీ తిరిగిన మనిషికి గోడమీద జానెడు చోటు లేదన్నమాట. ఒళ్ళు మండిపోయింది. పట్టీకి మూడు వారాలు గడువుంది. ఈలోగా పేరు సంపాదించి తీరాలనుకుంది.

మర్నాడు ఎర్రటి టోపీ పెట్టుకుని జెట్టీమీద అటూ ఇటూ నడిచింది. "ఎండ మండిపోతోంది, మిస్ అల్వీనా, మంచిపని చేశారు," అన్నారు. ఉత్తరాలమీద ఎడంచేత్తో ముద్రేసింది. "చెయ్యి నొప్పా, మిస్ అల్వీనా?" అన్నారు. చర్చిలో అందరూ ఆపేశాక ఇంకో చరణం ఒక్కతే పాడింది. పాస్టరుగారు కళ్ళు తుడుచుకుని, ఎంత భక్తో అన్నారు. మర్యాదకి కూడా ఓ హద్దుండాలి!

ఇక లాభంలేదని తెగించింది. గురువారం తపాలా పడవ వచ్చే వేళకి, పద్దెనిమిది మంది చూస్తుండగా, చెప్పులూ టోపీతో సహా జెట్టీమీంచి దబ్బున నీళ్ళలో పడింది. ఈత రాక కాదు. అయినా కాసేపు చేతులు కొట్టుకుంది. 'మునకల మిస్' అనో, 'దబ్బు' అనో, ఏదో ఒకటి అనకపోతారా అని ఆశ. ఇద్దరు దూకి బయటికి లాగారు. "అయ్యో పాపం, మిస్ అల్వీనా! కళ్ళు తిరిగాయేమో, పెద్దావిడ," అని తువ్వాలు కప్పి ఇంట్లో దింపి పోయారు. రెండోరోజుకి జలుబు, జ్వరం. పేరు తప్ప అన్నీ వచ్చాయి.

చూడడానికి వెర్లీ వచ్చింది, కొబ్బరిపాలు పోసి కాచిన శంఖపు మాంసం సూపుతో. వెర్లీ పెట్టుడు పేరు అరకుండ. ఎవరికేం పంపినా సగమే పంపి, కుండ ఎప్పుడిస్తావని అడుగుతుంది. చిన్నప్పట్నుంచీ అల్వీనాకి ఉన్న నేస్తం ఈవిడొక్కతే.

"తాగవే, చల్లారిపోతుంది."

"తాగను. ఈ ఊళ్ళో మేకక్కూడా పేరుందే, వెర్లీ! బోర్లాకెప్టెన్ మేకని దొరసాని అంటారు. నేను దానికన్నా కనాకష్టమా?" అని అల్వీనా భోరుమంది. "నన్నెవరూ చూడలేదే ఇన్నాళ్ళూ. ఒక్కళ్ళూ చూడలేదు."

వెర్లీ కుండమీద మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"నీకు పేరు లేదని ఎవరన్నారే?"

"అంటే?"

"ఉంది. నలభై ఒక్క ఏళ్ళుగా ఉంది. నీ వీపు తిరిగితే ఊరంతా అదే అంటుంది. నాక్కూడా ఎన్నోసార్లు నాలిక్కొసదాకా వచ్చి మింగేశాను."

అల్వీనా ఏడుపు టక్కున ఆగిపోయింది. "ఏమని?"

"సోమవారం."

ఏ సోమవారమో అల్వీనాకి వేరే చెప్పక్కర్లేదు. ఆ సంగతి తనకీ దేవుడికీ తప్ప మూడోవాళ్ళకి తెలీదనుకుని బతికింది ఇన్నేళ్ళూ.

నలభై ఒక్క ఏళ్ళ కిందట, ఓ గురువారం పడవలో, వెర్లీ వాళ్ళమ్మ జెరూషా పేరన ఓడ కంపెనీ ఉత్తరం వచ్చింది. కవరుమీద టైపు కొట్టిన అక్షరాలు. కొడుకులు రాసేది చేత్తో. కంపెనీ టైపు కొట్టి పంపే ఉత్తరానికి మా ఊళ్ళో ఒక్కటే అర్థం. ఓడమీద పనిచేస్తున్న జెరూషా కొడుకు స్పర్జన్‌కి ఇరవై మూడేళ్ళు. శనివారం వెర్లీ పెళ్ళి. పందికూర ఉడుకుతోంది, చర్చికి కొబ్బరాకులు కడుతున్నారు. అల్వీనా ఆ కవరు విప్పలేదు, విప్పాల్సిన పనీ లేదు. రవిక లోపల దోపుకుంది. ఉత్తరాలున్నాయా అని ఎవరడిగినా, "పెళ్ళిపూట ఉత్తరాలేంటి? ఏదున్నా సోమవారం," అంది. పెళ్ళిలో జెరూషా చెయ్యి పట్టుకుని లాగితే ఆవిడతో కలిసి ఆడింది కూడా. సోమవారం పొద్దున వెళ్ళి, ఇప్పుడే పడవలో వచ్చిందత్తా అని చేతికిచ్చింది.

"మీకు... మీకెలా తెలిసిందే?" అంది అల్వీనా.

"ఓసి పిచ్చిదానా! సోమవారం మన ఊరికి తపాలా పడవెక్కడిదే? మంగళవారం, గురువారం తప్ప వచ్చిందా ఎప్పుడైనా? నలభై నాలుగేళ్ళ ఉద్యోగంలో నువ్వు ఆడిన అబద్ధం ఒక్కటే, అదీ ఆడడం చాతకాలేదు. పైగా శనివారం పొద్దునే కొబ్బరికాయల పడవవాళ్ళు దీవి పెద్దరేవు కాక్సన్ హోల్ నుంచి కబురు మోసుకొచ్చారట. తపాలామనిషే ఇవ్వకపోతే మనమెవరం చెప్పడానికని, మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఊరంతటికీ తెలిసి కూడా నోళ్ళు కుట్టేసుకున్నారు. నన్ను చూసి కాదు, నిన్ను చూసి ఏడ్చారట మా పెళ్ళిలో."

"జెరూషా అత్త?"

"అమ్మ రెండేళ్ళు నీ చేతిలోంచి ఉత్తరం తీసుకోలేదు, గుర్తుందా? కాళ్ళనొప్పులేమో అనుకుని నువ్వు తైలం పంపించావు. ఆ సీసా సముద్రంలో పారేసింది. నా బిడ్డ పోయిన కబురు దాచి నాతో గంతులేయించింది ఆ సోమవారం అని అప్పుడు అంది. పేరు అక్కడే పుట్టింది. తర్వాత్తర్వాత కోపం పోయిందో లేదో నాకు తెలీదు. అడగలేదు. ముఖాన మాత్రం అనలేదు, ఆవిడ అనందే మేమెవరమూ అనకూడదు కదా."

"మరి నువ్వు?"

వెర్లీ కుండని అల్వీనా ముందుకి జరిపింది. "నువ్వు గురువారమే ఇచ్చుంటే ఏడాది పాటు మైల, పెళ్ళి ఆగిపోయేది. ఆ ఏడాదిలో మా ఆయన ఏ రేవులోనో ఇంకోదాన్ని చూసుకునేవాడు. నాకు తెలుసు వాడి సంగతి. తిట్టుగానూ దణ్ణంగానూ, నేను రెండురకాలుగానూ అన్నాను ఆ పేరు. ఇప్పుడా సూపు తాగుతావా, నా కుండ నాకిస్తావా?"

అల్వీనా తాగింది. రుచి తెలీలేదు. గోడమీద చోటు కావాలని నీళ్ళలో దూకిన మనిషికి, ఇప్పుడు చోటు దొరికింది. అది చూస్తే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

జ్వరం తగ్గాక జెరూషా ఇంటికెళ్ళింది. ఎనభై తొమ్మిదేళ్ళు, చెవులు సగం పోయాయి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. వాకిట్లో కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. తప్పయిపోయిందత్తా అని ఒక్క మాట అనడానికి పోయింది అల్వీనా. అది అనకుండానే పక్కన కూర్చుని తనూ నాలుగు కాయలు ఒలిచింది.

"ఉత్తరాలున్నాయా?" అంది ముసలావిడ.

"లేవత్తా."

"ఊఁ."

అంతే. ఆ సాయంత్రం అల్వీనా పట్టీ ముగించింది. తొంభై ఏడు పేర్లు. స్పర్జన్‌ది కూడా రాసింది. ఒకసారి సెలవుకొచ్చినప్పుడు వాడి సంచిలో మూడు బూట్లున్నాయి, మూడోది ఎక్కడిదో ఎవరికీ చెప్పలేదు, అప్పట్నుంచీ మూడుబూట్లు. తనది రాయలేదు. ఎవరూ ముఖాన పిలవని పేరుని గోడెక్కించే హక్కు తనకి లేదనుకుంది. వెర్లీ చదివి, కాయితం మడిచి తిరిగిచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక బోర్డుమీద గుడ్డ తీశారు. వంకరగీత ఎప్పట్లాగే పేరు నిలబెట్టుకున్నాడు. పైన ఎడమవైపు మొదలైన వరస కుడివైపుకొచ్చేసరికి జానెడు కిందికి జారింది. ఎవరూ పట్టించుకోలేదు. తమ తమ పేర్లు వెతుక్కుని, వేలుపెట్టి చూపించుకుని, ఒకరిమీద ఒకరు పడి నవ్వుకున్నారు. దొరసాని మేకకి చోటివ్వలేదని బోర్లాకెప్టెన్ అలిగాడు. తనపేరు పై వరసలో వస్తుందని ముందే చెప్పానన్నాడు నేచెప్పలా.

అల్వీనా గుంపులో కలిసి ముందుదాకా వచ్చేసి, చివరి వరసలో ఉన్న మూడుబూట్ల దగ్గర ఆగిపోయింది. వెనకాల కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టిన జెరూషాని చూసుకోలేదు. ముసలావిడ అటు వంగింది, ఇటు వంగింది. చివరికి చేతికర్ర తీసి అల్వీనా నడుమ్మీద పొడిచింది.

"ఏయ్, సోమవారం! పక్కకి జరుగు. నా కొడుకు కనబడ్డం లేదు."

చెవిటివాళ్ళ గొంతు పెద్దది. హాలంతటికీ వినబడింది. నోట్లో పెట్టబోతున్న కొబ్బరిరొట్టె చేతిలోనే ఉండిపోయింది టీచరమ్మకి. వెర్లీ గోడకి ఆనుకుంది.

అల్వీనా జరిగింది. కళ్ళనీళ్ళు చెంపలమీదకి వచ్చేశాయి, తుడుచుకోలేదు. ముసలావిడకి వినిపించేలా వంగి, "ఇప్పుడు కనిపిస్తున్నాడా, అత్తా?" అంది.

"ఆఁ, కనిపిస్తున్నాడు," అంది జెరూషా.