రాశి కొలవకముందు

భూమి కడుపులో ముప్పై ఏళ్లు బతికి, న్యూట్రినోను కళ్లారా చూసి పైకి వచ్చినవాణ్ణి నేను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాలూ గాలించినా ఇంకొకడు దొరకడు. చూడటమే కాదు, అది ఏ వేషంలో బయలుదేరి ఏ వేషంలో చేరుతుందో మా బిడ్డకు నేర్పింది కూడా నేనే.

ఇలా మొదలుపెడితే చాయ్ హోటల్లో పక్కవాడు కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు. ఆ రుచి మరిగిన నోరు నాది. కాగితం మీద మాత్రం కొంచెం తగ్గాలి. ముప్పై ఏళ్లలో నేను భూపాలపల్లి గనిలోకి దిగింది పదకొండేళ్లే. మోకాలు దెబ్బతిన్నాక పైన ల్యాంప్ రూములో కూర్చోబెట్టారు. దిగేవాడికి టోపీ దీపం ఇవ్వడం, వాడి ఇత్తడి బిళ్ల తీసుకుని మేకుకు తగిలించడం, షిఫ్టు అయ్యాక దీపం తీసుకుని బిళ్ల ఇచ్చేయడం నా ఉద్యోగం. ఇక న్యూట్రినోను చూసినవాడు లోకంలో లేడు. నేను చూసింది మా బిడ్డ ల్యాప్‌టాప్‌లో కొన్ని చుక్కలు. నేర్పింది కూడా తనే. నాకు అర్థం కావడానికి నా దీపాల గదిని వాడుకుంది, అంతే.

పదవీ విరమణ తర్వాత క్వార్టర్ ఖాళీ చేసి నా భార్య పుట్టిన ఊరు గార్లకు వచ్చాం. బిడ్డ హైదరాబాదులో ఫిజిక్స్ పరిశోధన చేస్తోంది. వచ్చిన రెండో ఏడు నా భార్యకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడు రోజులు మహబూబాబాద్ దవాఖానలో రక్తం శుద్ధి చేయించాలి. పొద్దున రైల్లో తీసుకుపోవడం, నాలుగు గంటలు ఆ మిషన్ పక్కన కూర్చోవడం, మళ్లీ రైలెక్కించి తీసుకురావడం నా పనైంది.

ఆ రోజుల్లోనే ఒకసారి బిడ్డ నాలుగు రోజుల సెలవు మీద వచ్చింది. వాళ్లమ్మ మంచం మీద, నేను గడప మీద, తను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కింద కూర్చున్నాం.

"నీ పని ఏందో జర నాకు తెలిసేటట్టు చెప్పు బిడ్డా" అన్నాను.

"సముద్రం అవతల ఒక ఊర్ల పెద్ద మిషన్ ఉన్నది బాపు. ప్రోటాన్లను ఉరికిచ్చి పాదరసానికి కొడతది. అండ్లకెల్లి పయాన్లని చిన్న చిన్న కణాలు పుడతయి. పుట్టినయి పాదరసంలనే ఇరుక్కొని ఆగిపోతయి. ఆగినంక చస్తయి. అవి చచ్చినప్పుడు వచ్చేటియే మా న్యూట్రినోలు."

"ఆగి చస్తే ఏంది, ఉరుక్కుంట చస్తే ఏంది?"

"ఉరుక్కుంట చస్తే అన్ని అందాజాలే. ఆగి చచ్చినదాని లెక్క ఖాయం. ఏ రకం వస్తయో, ఎంత జోరుతోని వస్తయో ముందే ఎరుక. మూడు రకాలు వస్తయి. ఇంకో రకం రానే రాదన్నట్టు. ఆ రానిదే, వాటిని పట్టేతందుకు దూరంగ పెట్టిన మా తొట్టిల కనబడ్డదనుకో, దారిల ఏదో ఒకటి వేషం మార్చినట్టు."

నా మొహం చూసి నవ్వింది.

"నీ ల్యాంప్ రూమే అనుకో. పొద్దటి షిఫ్టుకు పచ్చ పట్టీ దీపం ఒక్కటి సుత నువ్వు ఇయ్యలే. షిఫ్టు అయినంక ఒకడు పచ్చ పట్టీ దీపం తెచ్చి నీ ముందల పెట్టిండు. ఏం జేస్తవ్?"

"గల్ల పట్టుకొని ఓవర్‌మన్ సారు దగ్గరికి గుంజుకపోత."

"మేమైతే వానికి దండం పెడతం."

మంచం మీది నుంచి వాళ్లమ్మ అంది: "మీ బాపు గుంజుకపోడు, దండం పెట్టడు. ఊరంత డప్పు కొడతడు."

ఆ రాని రకం వస్తే కనబడాల్సిన అసలైన చోటును మాత్రం వాళ్లు మూసిపెట్టుకున్నారట. లెక్క ఎలా కట్టాలో అందరూ ఒప్పుకునేదాకా, తమ సమాచారమే అయినా అక్కడికి ఎవరూ తొంగిచూడరు. వచ్చే నెల తెరుస్తారు. తెరిచాక ఫలితాన్ని దేశదేశాలవాళ్ల ముందు నిలబడి చెప్పాల్సింది మా బిడ్డే. అది సవ్యంగా జరిగితే ఇంకో మూడేళ్లు ఆ పనిలోనే ఉంచుకుంటారని చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. పెద్ద కోరికలన్నీ అది చిన్నప్పటి నుంచీ మెల్లగానే చెప్పేది.

తన సొమ్మును తనే చూసుకోకపోవడం ఏమిటో నాకు ఎక్కలేదు. నా భార్యకు వెంటనే ఎక్కింది.

"కల్లంల గంతే గద బిడ్డా. రాశి కొలవకముందు ఇన్ని బస్తాలైతయని మా నాయిన ఎవ్వరిని అననియ్యకపోయేది. కొలిచేటోడు సుత ఒకటి అనడు, లాభం అంటడు. ఆశపడ్డ కంటికి కుప్ప పెద్దగ కనబడతది."

"గదే అమ్మా. మా సారు సుత గింత మంచిగ చెప్పలే."

ఆ తర్వాత తెర మీద కొన్ని చుక్కలు చూపించింది. తొట్టిలో ఒక మెరుపు, దాని వెనకే ఇంకో చిన్న మెరుపు వస్తే అక్కడొక చుక్క పెడతారట. "ఇవి అసలు చోటువి కావు బాపు, పక్క చోటువి. లెక్క సరిగ ఉన్నదా లేదా చూసుకునేతందుకు" అని స్పష్టంగానే చెప్పింది. నేను వేలు పెట్టి లెక్కించాను. పదమూడు. మళ్లీ లెక్కిస్తే పదకొండు. పదమూడే బాగుందనిపించింది.

బిడ్డ వెళ్లిపోయిన వారానికి రఘునాథపల్లిలో చుట్టాల గృహప్రవేశం. తినే వరసలో ఒక పెద్దమనిషి, "మీ బిడ్డ ఇంక సదువుతనే ఉన్నదా? ఆ సదువు ఒడిసేదాక పిలగాడు ముసలోడైతడు" అన్నాడు. నలుగురు నవ్వారు. కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేశాను. నోరు మాత్రం తెరుచుకుంది.

"నా బిడ్డ పట్టుకున్నది ఏందో ఎరికేనా? ఎవ్వలు పట్టని కణం. పదమూడు పట్టింది. నా కండ్లతోని చూసిన."

ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. వడ్డించేవాడు కూడా ఆగి విన్నాడు. మా వరసలోనే జిల్లా పేజీకి వార్తలు రాసే కుర్రవాడు ఉన్నాడు. ఫొటో అడిగితే ఫోన్‌లోంచి తీసి ఇచ్చాను. మూడోనాటికి పేపర్లో వచ్చింది, విశ్వరహస్యం ఛేదించిన గార్ల ఆడబిడ్డ అని. స్టేషన్ దగ్గర నిలబడి, అడిగినవాడికీ అడగనివాడికీ చూపించాను.

ఎవరు పంపారో, ఆ ముక్క వాళ్ల సారు ఫోన్‌లోకి చేరింది. సాయంత్రం బిడ్డ ఫోన్ చేసింది.

"పదమూడని ఎవరు చెప్పిండ్రు బాపు?"

"నువ్వే చూపిస్తివి గద."

"అవి పక్క చోటువని చెప్పిన."

"గా పేపరోడే కొంచెం ఎక్కువ రాసిండు బిడ్డా."

"సరే, అమ్మ తిన్నదా?" అని అడిగి పెట్టేసింది. అరిచినా బాగుండేది.

ఫలితం చెప్పే అవకాశం ఇంకొకరికి ఇచ్చారు. అనుకున్న నెలలోనే మూసినదాన్ని తెరిచారు. రానిది రాలేదు. ఏ న్యూట్రినో లేకపోయినా మామూలుగా పడే దొంగ చుక్కలు కొన్ని ఉంటాయట, అవే ఉన్నాయి. వేషం మార్చినదాని జాడ లేదు. ఏమీ లేదని గట్టిగా చెప్పగలగడం కూడా ఒక ఫలితమేనని బిడ్డ అంది. స్టేషన్ దగ్గర నన్ను అడిగేవాళ్లకు ఆ మాట ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్లు ఆ వైపు పోవడం మానేశాను.

డాక్టరేట్ పట్టా చేతికొచ్చిన నెలలోపే బిడ్డ రెండు సంచులతో గార్లలో దిగింది. మళ్లీ పోలేదు. ఏమని అడగను? వాళ్లమ్మను ఆసుపత్రికి తీసుకుపోవడం, తీసుకురావడం తన మీద వేసుకుంది. ల్యాప్‌టాప్ బియ్యం డబ్బా మీద దుమ్ము పట్టింది. మరుసటి వానాకాలం నా భార్య పోయింది. పోయే ముందు రోజు కూడా బిడ్డను "నీ రాశి ఎంతైందే" అని అడిగింది. "ఏం రాలే అమ్మా, కానీ మంచిగ కొలిచినం" అని ఇది చెప్పింది.

ఇప్పుడు జనగామలో ఉంటున్నాం. బిడ్డ ఇక్కడ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుని పోయేటప్పుడు వీపు చూస్తాను. ఎక్కడో సముద్రం ఒడ్డున ఉండాల్సిన మనిషి. రఘునాథపల్లిలో ఒక విస్తరి ముందు, నలుగురి నవ్వు ఆపడానికి, నా నోటితో నేనే దాని బతుకు తిప్పేశానని ఈ మూడేళ్లుగా నాలో నేను కుములుతున్నాను. ఆ నేరం ఒప్పుకోవడానికే ఇదంతా రాశాను.

రాసింది మొన్న ఆదివారం దాని చేతికిచ్చాను. పరీక్ష పేపర్లు దిద్దుతున్నదల్లా ఎర్ర పెన్నుకు మూత పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చదివింది. అది అన్న మాట ఇక్కడ చేరుస్తున్నాను. పైన రాసింది మాత్రం దిద్దకుండా వదిలేస్తున్నాను.

"ల్యాంప్ రూము కాడ మంచిగ రాసినవ్. కానీ పేపర్ల పడ్డందుకు నా బతుకేం తిరగలే బాపు. సారు రెండు రోజులు కోపం చేసిండు, ఫలితం చెప్పుడు వేరేటోళ్లకు ఇచ్చిండు, గంతే. అయినా మూడేండ్లు ఉండుమనే అడిగిండ్రు. నేనే వద్దన్న."

"ఎందుకు వద్దంటివి మరి?"

"అమ్మను రైల్ల తీస్కపోవుడు నా పని అని రాసుకున్నవ్. నువ్వు పోయింది రెండుసార్లు. రెండోసారి నెత్తురు చూడలేనని నడుమనే లేచొచ్చినవ్. ఆమె నాలుగు నెలలు ఒక్కతే పోయింది, ఒక్కతే వచ్చింది. ఒకనాడు ప్లాట్‌ఫారం మీద పడిపోతే ఎవరో ఆమె ఫోన్ల నంబర్ చూసి నాకు చేసిండ్రు. గందుకు వచ్చిన. నీ పేపర్ కోసం కాదు."