టెస్టరమ్మకు పోటీగా నేను బాగుచేసిన ఓవెను

కొత్త కాపురం రోజుల్లో మనిషికి బుద్ధి తక్కువ, రోషం ఎక్కువ. అప్పటికి నంద్యాల ఇంకా జిల్లా కాలేదు, నాకు ఇంకా బుద్ధి రాలేదు. రైల్వే స్టేషను వెనక వీధిలో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్లం. మా ఆయన విత్తనాల దుకాణంలో పనిచేసేవాడు, నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. గ్యాసు కనెక్షను ఇంకా రాలేదు కాబట్టి మా వంటంతా కరెంటు పొయ్యి మీదే. అది మామూలు పొయ్యి కాదు. మా పెద్దన్న బెంగళూరు నుంచి బస్సు టాపు మీద వేయించి తెచ్చిన పెట్టె, పైన కాయిల్ పొయ్యి, కింద అద్దం తలుపున్న చిన్న ఓవెను. వీధిలో ఇంకెవరికీ లేదు. పక్కింటి వాళ్లు వచ్చి ఆ అద్దంలోంచి లోపలికి తొంగిచూసి పోయేవాళ్లు. (లోపల ఏమీ ఉండేది కాదు. అందులో నేను అప్పటిదాకా చేసిందల్లా అప్పడాలు మెత్తబడకుండా దాచుకోవడమే.)

పెళ్లయిన మూడో నెలలో ఒక పొద్దున కాయిల్ తెగిపోయింది. దుకాణానికి పంపిద్దామన్నాను. మా ఆయన అదేదో అవమానమైనట్టు చూసి, మన ఇంట్లో మనిషి ఉండగా దుకాణం ఎందుకని ఫోను తీశాడు. ఆ మనిషి ఆళ్లగడ్డలో ఉన్న ఆయన మేనమామ కూతురు. ఆ మామకు బస్టాండు పక్కన ఫ్యాన్లు, మిక్సీలు, మోటార్లు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. ఈ పిల్ల పదో తరగతి తప్పి, మళ్లీ రాయనని మొండికేసి, ఆ కొట్టులోనే పని నేర్చుకుంది. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే బస్సెక్కి వచ్చింది. భుజానికి రెక్సిను సంచి, చున్నీ జారకుండా పిన్నీసు పెట్టుకునే చోట కరెంటు టెస్టరు. నేను ఆ క్షణమే మనసులో ఆమెకు టెస్టరమ్మ అని పేరు పెట్టాను. వంటింట్లో నేల మీద చతికిలబడి పది నిమిషాల్లో కొత్త కాయిల్ వేసేసింది. ఆ తర్వాత గంటన్నర మా ఆయనా ఆమే చిన్నప్పుడు కాలువలో పడ్డ సంగతి, దొంగతనంగా జామకాయలు కోసిన సంగతి చెప్పుకుని పగలబడి నవ్వారు. నేను వడ్డిస్తూనే ఉన్నాను. "అక్కా, పప్పు బాగుండాది, ఇంకొంచెం ఎయ్యి" అని ఆమె అడుగుతూనే ఉంది. అక్కా అని పిలిచిందంటే తప్పేం లేదు, బావ పెళ్లాం వరసకు అక్కే. కానీ మేనమామ కూతురంటే అసలు వరస ఏమిటో నాకు తెలియదా?

తెలియకపోయినా గుర్తుచేయడానికి మా అత్తగారు ఉన్నారు. ఆమె పగిడ్యాల నుంచి వచ్చినప్పుడల్లా నా చేతి కూర తిని, బాగుందని మెచ్చుకుని, చేయి కడుక్కుంటూ ఒక మాట అనేవారు. "మా అన్న కూతురు ఉండె గానీ, దేవుడు ఇట్ల రాసిపెట్టినాడు." అందులో కోపం లేదు, నా మీద ఫిర్యాదూ లేదు. వాన పడలేదని అన్నట్టు అనేవారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించేది కాదు.

నిజం చెప్పాలంటే అసూయతో కుతకుత ఉడికిపోయాను. ఫ్యాను గీరుమంటే మా ఆయన ఆళ్లగడ్డకు ఫోను చేసేవాడు. ఇస్త్రీపెట్టె వేడెక్కకపోతే ఆళ్లగడ్డకు. కాలింగ్ బెల్లు మోగకపోతే ఆళ్లగడ్డకు. ఆయనకు బల్బు మార్చడం కూడా రాదు (నేను స్టూలెక్కి మారుస్తుంటే కింద స్టూలు పట్టుకోవడం మాత్రం బాగా వచ్చు). ఆమె నంబరు ఆయనకు నోటికొచ్చు, నా స్కూలు నంబరు మాత్రం చీటీ మీద రాసి క్యాలెండరుకు గుచ్చుకున్నాడు. ఆ చీటీని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అందుకే రెండోసారి కాయిల్ తెగినప్పుడు ఆయనకు చెప్పలేదు. హార్డ్‌వేరు దుకాణానికి పోయి ఒక స్క్రూడ్రైవరు, ఒక కటింగ్ ప్లేయరు కొని చీర కొంగులో దాచుకుని తెచ్చాను.

ప్లగ్గు పీకి, పింగాణీ పళ్లెం బయటికి తీసి చూస్తే పని ఎంత సులువో అర్థమైంది. కాయిల్ ఒకచోట తెగి రెండు కొసలూ వేలాడుతున్నాయి. రెంటినీ సాగదీసి, ఒకదానికొకటి కొక్కెంలా తగిలించి, ప్లేయరుతో నొక్కి మెలేశాను. స్విచ్చి వేస్తే ఎర్రగా వెలిగింది. ఆ సాయంత్రం పొయ్యి పక్కన ప్లేయరు చూసి, మరదలు వచ్చిపోయిందా అని మా ఆయన అడిగాడు. "నేనే చేసినా" అన్నాను. ఆయన ప్లేయరును అటూ ఇటూ తిప్పి చూసి "పర్వాలేదే" అన్నాడు. పెళ్లిలో కూడా నన్ను చూసి ఆయన అంత మెచ్చుకోలేదు.

రెండు వారాలకు మళ్లీ తెగింది. మళ్లీ తగిలించాను. ఈసారి ఓవెను కాయిల్ కూడా తెగితే దానికీ అదే వైద్యం చేశాను. విచిత్రం ఏమిటంటే, నా చేయి పడ్డ ప్రతిసారీ పొయ్యి ముందుకంటే జోరుగా మండేది. నీళ్లు కాగడానికి సగం సేపే పట్టేది. ఇది నా హస్తవాసి అనుకున్నాను. ఒక్క చిక్కు, ఫ్యూజు మాటిమాటికీ పోవడం మొదలైంది. దానికీ మందు కనిపెట్టాను. మెట్ల కింద మీటరు దగ్గర ఒక పోగు తీగ వేయాల్సిన చోట ఐదు పోగులు కలిపి మెలేసి బిగించాను. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు. ఇంతకీ ఆ నెలలోనే నేను పదో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పాను. తీగ పొడవు తగ్గితే నిరోధం తగ్గుతుంది, నిరోధం తగ్గితే కరెంటు ఎక్కువ పారుతుంది, తీగ వేడెక్కుతుంది అని బోర్డు మీద రాసి, రాని పిల్లల చేత మూడేసి సార్లు రాయించాను కూడా. తెగినచోటల్లా కలిపేసరికి నా కాయిలు పొట్టిదవుతోందని ఒక్కసారైనా తట్టలేదు. పాఠం బళ్లో ఉండిపోయింది, పొయ్యి ఇంట్లో ఉండిపోయింది.

క్రిస్మస్‌కు ముందు శనివారం వస్తానని మా అత్తగారు కబురు పెట్టారు. స్కూలుకు సెలవు. నేను బాగుచేసిన ఓవెనులో కేకు కాల్చి ఆమె ముందు పెట్టాలని నిశ్చయించుకున్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆ కేకు టెస్టరమ్మ కూడా తినాలి, తిని మింగలేక మింగాలి అనిపించింది. పొద్దున్నే నేనే ఆళ్లగడ్డకు ఫోను చేశాను.

"కేకు తిననీకి రా చెల్లీ. ఓవెను నేనే బాగుచేసినా. ఇప్పుడు ముందుకంటే బేగా కాగుతాంది."

ఆమె మెల్లగా అడిగింది, "ఎన్నిసార్లు జాయింటు ఏసినావక్కా?"

మూడు నాలుగు సార్లు అన్నాను గర్వంగా.

"ఫ్యూజు పోలేదా?"

"పోతాండె. లావు తీగ ఏసినా. ఇంక పోదు."

"అక్కా, దాన్ని ముట్టుకోవాకు. స్విచ్చి ఎయ్యాకు. నేను వస్తాండా" అని ఫోను పెట్టేసింది.

ఆ గొంతులో కంగారు విని నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. చూశావా, ఓర్వలేకపోతోంది అనుకున్నాను. ముట్టుకోవద్దంటుందా? ఆమె వచ్చేలోపు కేకు దింపి చూపించాలని గబగబా గుడ్లు గిలక్కొట్టి, పిండి కలిపి, గిన్నె లోపల పెట్టి స్విచ్చి వేశాను. పైన పొయ్యి ఖాళీగా ఉందెందుకని దాని మీద పాయసానికి పాలు కూడా పెట్టాను. అరగంట గడిచాక ఏదో కాలుతున్న వాసన వచ్చింది. కేకు అడుగంటుతోందనుకున్నానే గాని, గోడ వైపు చూడలేదు.

ఇంతలో కింద ఆటో ఆగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించాల్సింది, వినిపించలేదు. ఉన్నట్టుండి ఇంట్లో కరెంటు మొత్తం పోయింది. టెస్టరమ్మ పైకి రాకుండా ముందు మెట్ల కిందికే పోయి ఫ్యూజు పీకేసింది. ఆ తర్వాత పైకి వచ్చి, నన్ను పలకరించకుండా, పొయ్యిని గోడ నుంచి ముందుకు లాగింది. అప్పుడు చూశాను. ప్లగ్గు పాయింటు బెల్లం పాకంలా కరిగి గోడ మీదకు జారింది. వైరు పైతొడుగు నల్లగా కమిలి రాగి తీగ బయటపడింది. దానికి జానెడు దూరంలో వేలాడుతున్నది నా పాత చీర కోసి కుట్టుకున్న కర్టెను. నేను నేల మీద కూర్చుండిపోయాను. ఆమె ఐదు పోగుల తీగను నా ఒళ్లో వేసి తనూ పక్కన కూలబడింది. బస్టాండు నుంచి ఆటోవాణ్ని పరుగెత్తించిందేమో, ఇంకా రొప్పుతోంది. ఓవెను తలుపు తీస్తే కేకు పైన బొగ్గు, లోపల జావ.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నది ఆపుకోలేక కక్కేశాను. అందరికీ నువ్వే కావాలి, అత్తమ్మకు నువ్వే, ఆయనకూ నువ్వే, నిన్నే చేసుకోవాల్సింది, మధ్యలో నేనెందుకు వచ్చినానో అని ముక్కు చీదాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "నీకెవురూ చెప్పలేదా అక్కా? వాళ్లు అడిగిరి. నేనే వద్దంటి."

ఏడుపు టక్కున ఆగింది. "వద్దంటివా? ఎందుకు?"

"ఎందుకేముంది. దినమంతా కొట్లో రిపేర్లు చేసి, ఇంటికి పోయి మళ్లీ బావ ఇంట్లో బల్బులు గూడా నేనే మార్చల్లనా? నాకొద్దు అని మా నాయనకు చెప్పేస్తి."

ఆ మాటకు నేను ఊరట చెందాలి. ఇన్ని నెలలు రగిలిన కుంపటి మీద నీళ్లు పోసినట్టు ఉండాలి. కానీ నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. మా ఆయన్ను వద్దందా? ఈ పదో తరగతి తప్పిన పిల్లా? కళ్లు తుడుచుకుని పోట్లాటకు దిగాను. ఆయనకేం తక్కువని అడిగాను. బల్బు మార్చడం రాకపోతే మనిషి కాదా అన్నాను. నాకు జ్వరమొస్తే మూడు రోజులు ఆయనే గంజి కాచాడని చెప్పాను. ఒక్కరోజు కూడా గట్టిగా మాట అనలేదని, జీతం రోజున మల్లెపూలు మరిచిపోడని, నేను దిద్దిన పరీక్ష పేపర్లు కట్టలు కట్టిపెడతాడని వేళ్లు మడుస్తూ పోయాను. అవన్నీ నాకే అప్పుడు కొత్తగా వినిపించాయి. చెబుతున్న కొద్దీ గొంతు పెరిగింది.

టెస్టరమ్మ అంతా విని, చున్నీతో చెమట తుడుచుకుంది. "ఇంత మంచోన్ని మళ్లా నాకెందుకు అంటగడతాండావ్ అక్కా? నువ్వే పెట్టుకో" అంది.

మధ్యాహ్నం మా అత్తగారు వచ్చేసరికి టెస్టరమ్మ కొత్త వైరు, కొత్త పాయింటు వేసేసింది. కాయిల్ కొత్తది తెచ్చి ఎలా బిగించాలో నా చేతనే చేయించింది. సైన్సు టీచరునని ఆ పూట నేను నోరెత్తలేదు. కేకు లేదు, చక్కెర పొంగలి వండి పెట్టాను, అందరూ తిన్నారు.

చాలా ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆళ్లగడ్డ కొట్టు ఆమెదే. మా ఇంట్లో ఏది ఆగిపోయినా ఫోను చేసేది నేనే, గంటసేపు మాట్లాడుకునేదీ మేమిద్దరమే. పెళ్లైన కొత్తలో నన్ను తినేసిన ఆ అసూయ ఎటు పోయిందో వెతికినా కనిపించదు. అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. కానీ పక్కన మా ఆయన పేపరు చదువుకుంటూ కూర్చుంటే, ఆ నెరిసిన తల చూసి ఒక్కోసారి చురుక్కుమంటుంది. ఇంత మనిషిని ఆ పిల్ల అంత సులువుగా ఎలా వద్దనుకుందా అని దాని మీద ఇప్పటికీ కోపం వస్తుంది.