ఎండిన వాకిళ్లు

ఆ ఎండాకాలం చర్ల దగ్గరి మా ఊళ్లె బోర్లు ఎండిపోయినయి. వాకిట్ల నీళ్లు చల్లొద్దని పంచాయతీవాళ్లు మైకుల చెప్పిండ్రు.

మా ఎదురింటి పెద్దమ్మ ఒక్కతే ఉండేది. కళ్లాపి లేని వాకిలంటే ఆమెకు చావింటి గుర్తు. అందుకే పొద్దున్నే ప్రతి గడప ముందు ఆగి, "ఏందమ్మా, అందరు మంచిగున్నరా?" అని అడిగేది.

"నీళ్లు లేక చల్లలేదు పెద్దమ్మా, ఎవరికేం కాలేదు."

"అవ్ బిడ్డా, తెలుసు. అయినా పానం ఊకోదు."

ఇంటికి పోయి, ఖాళీ బకెట్ల చెయ్యి ముంచి, ఉత్త చేత్తోనే వాకిలంతా చల్లేది.

ఒకరోజు ఆమె అడగడానికి రాలేదు. మధ్యాహ్నం నేను తలుపు నెట్టేసరికి ఒళ్లు చల్లబడి ఉంది. తెల్లారినప్పటి నుంచి ఆమె వాకిలి చెప్తనే ఉంది. కానీ వీధిల అందరి వాకిళ్లూ ఎండే ఉన్నయి.