గిద్దలూరు తోపులో మూడు ఈలలు

రెండో ప్రపంచ యుద్ధానికి కొద్ది ఏళ్ల ముందు, ఒక వేసవిలో, గిద్దలూరు దగ్గర ఒక తోపులో జరిగే ఆడపిల్లల శిబిరానికి నన్ను సూపరింటెండెంటుగా వేశారు. అప్పటికి నేను కర్నూలు జిల్లాలో బాలికా పాఠశాలల సబ్ అసిస్టెంట్ ఇన్‌స్పెక్ట్రెసుని. హోదా పేరు ఎంత పొడుగో అధికారం అంత పొట్టి. నా పైన చాలామంది ఉండేవారు. కింద మాత్రం నా ఎద్దుబండి తోలే మనిషి ఒక్కడే. అలాంటిది ఒక తోపు నిండా పిల్లలూ, వాళ్లను చూసుకునే లీడర్లూ ఒక్కసారిగా నా చేతికిందికి వచ్చేసరికి సేనాధిపతిని అయిపోయినట్టనిపించింది. మద్రాసులో డ్రిల్లు శిక్షణ పొందినదాన్ని. మెడలో ఈల, చీర మీద బెల్టు, నెత్తిన దొరలు పెట్టుకునే సోలా టోపీ. ఆ వేషం ఎలా ఉందో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

శిబిరం పద్ధతి ఇది. మార్కాపురం, కంభం, గిద్దలూరు బడుల నుంచి పైతరగతి పిల్లలు వస్తారు. వాళ్లను జట్లుగా విడదీసి, ట్రెయినింగు స్కూల్లో చదివే పెద్దమ్మాయిలను జట్టుకొకరు చొప్పున లీడర్లుగా పెడతాం. పిల్లలు వాళ్లను అక్కా అని పిలుస్తారు. లీడరు తన జట్టుతోనే తింటుంది, జట్టుతోనే పడుకుంటుంది, ఏ కారణంచేతా జట్టును విడిచి పోకూడదు. ఇది నా మొదటి నియమం. రెండోది ఈలల భాష. ఒక పొడుగు ఈలకు వరస కట్టాలి. రెండు ఈలలకు లీడర్లు నా దగ్గరికి రావాలి. మూడు ఈలలకు భోజనం. నిజానికి మద్రాసులో మాకు నేర్పింది వేరు. అక్కడ మూడు ఈలలంటే ఆపద. అయితే నా శిబిరంలో ఆపద ఎందుకు వస్తుందనుకుని, దాన్ని తిండికి కేటాయించాను.

పిల్లలను సమకూర్చుకోవడమే పెద్ద పని. మార్కాపురంలో పలకల దుకాణం నడిపే ఖాసిం సాహెబు తన కూతురు జమీలాను పంపడానికి చివరిదాకా తటపటాయించాడు. ఆయన ఒప్పుకుంటే ఆ వీధిలో మిగతా ముస్లిం కుటుంబాలూ ఒప్పుకుంటాయి. కాదంటే ఎవరూ పంపరు. శిబిరంలో మగవాళ్లు అడుగుపెట్టరనీ, హలాలా కాదా అన్న సందేహం రాకుండా వంటలో కూరగాయలే తప్ప మాంసం ఉండదనీ, పిల్లలను క్షణం కూడా కళ్లముందు నుంచి పోనివ్వననీ మాట ఇచ్చాను. ఆయన అంతా విని, "సరే అమ్మా, పంపుతా. మూడోనాడు వచ్చి చూస్తా. నా మనసుకు నచ్చకపోతే బండెక్కించుకుని పోతా. మా వీధి పిల్లల్నందరినీ కూడా" అన్నాడు.

మొదటిరోజు పగలంతా జమీలా అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు. సాయంత్రం డ్రిల్లు మధ్యలో చూస్తే జట్ల వరసలో ఒక లీడరు లేదు. ఆ లీడరు పేరు మరియమ్మ. రాచర్ల దగ్గర పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవుల పిల్ల, లీడర్లందరిలోకీ పెద్దది. తోపు చివర బండిబాట పక్కన కూర్చుని ఏడుస్తున్న జమీలా జడ విప్పి మళ్లీ అల్లుతోంది. జమీలా ఆమె జట్టు పిల్ల కూడా కాదు. నేను అందరి ముందూ మరియమ్మను నిలబెట్టి నియమం చదివించాను.

"ఏడుస్తా ఉంటే ఎట్ల చూస్తా ఉండేది అమ్మగారూ?" అందామె.

"చూడాల్సింది ఆ జట్టు లీడరు. నువ్వు నీ జట్టును విడవకూడదు. ఏం జరిగినా సరే" అన్నాను. ఆమె తలూపింది. ఆ రాత్రి జమీలా అన్నం తిన్నది. అది నా క్రమశిక్షణ ఫలితమనే అనుకున్నాను.

మూడోనాడు పొద్దున జాడ పట్టే ఆట పెట్టాను. ఒకరు ముందు వెళ్లి దారిలో గుర్తులు పెడుతూ పోతారు. జట్లు ఆ గుర్తులు చూసుకుంటూ వెనక వచ్చి పట్టుకోవాలి. ఎండ ముదరకముందే ముగించుకోవాలని తెల్లవారగానే నేనే బయలుదేరాను. లీడర్లలో ఎవరినో ఒకరిని పంపవచ్చు. కాని నల్లమల అంచున గుట్ట మీద టోపీతో నిలబడి, కింద నుంచి వచ్చే పిల్లలను చూడాలని నా కోరిక. పుస్తకంలో రాళ్లతో బాణం గుర్తు పెట్టమని ఉంది. అక్కడ నేలంతా రాళ్లే, ఏ రాయి నేను పెట్టిందో దేవుడికే తెలియాలి. అందుకని పచ్చటి వేపరెమ్మలు విరిచి, మలుపు మలుపుకూ బాణంలా పేర్చుకుంటూ పోయాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

గుట్ట ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే కింద మేకల మంద. మండువేసవిలో పచ్చాకు దొరక్క మాడిపోయి ఉన్నాయేమో, ఒక్కొక్క బాణం దగ్గరా ఆగి, చివరి ఆకు దాకా తిని, తరువాతి బాణం దగ్గరికి నడుస్తున్నాయి. నా గుర్తులను అంత శ్రద్ధగా అనుసరించిన జట్టును నేను సర్వీసంతటిలో చూడలేదు. వాటిని అదిలిస్తూ కిందికి పరుగెత్తబోయి రాయి మీద జారాను. కుడికాలి చీలమండ బెణికింది. లేచి నిలబడలేకపోయాను.

పిల్లలు రారని తెలుసు. గుర్తు కనబడకపోతే ముందుకు పోకుండా శిబిరానికి తిరిగిపొమ్మని ముందురోజే చెప్పింది నేనే. ఎండ ఎక్కుతోంది. తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. నీడ అంటే రేగుకంప ఒకటి. భయం పట్టుకునేసరికి మద్రాసు పాఠం గుర్తొచ్చి ఈల తీసి మూడుసార్లు ఊదాను. ఎవరూ రాకపోయేసరికి, చాలాసేపటికి మళ్లీ మూడు. నా శిబిరంలో ఆ ఈలకు ఏ అర్థమో ఊదాక గుర్తొచ్చింది.

శిబిరంలో ఏం జరిగిందో తరువాత విన్నాను. గుర్తులు కనపడక జట్లన్నీ అప్పటికే తిరిగొచ్చి ఉన్నాయట. మూడు ఈలలు సన్నగా వినపడగానే అందరూ చేతులు కడుక్కుని, వరసలు కట్టి, భోజనానికి కూర్చున్నారు. వంటమనిషి ఇంత పెందలాడే ఏందని విసుక్కుంటూనే వడ్డించింది. తిని లేచాక మళ్లీ మూడు ఈలలు. అప్పుడు జమీలా, వచ్చిన మూడు రోజుల్లో మొదటిసారి నలుగురికీ వినపడేటట్టు, "ఇప్పుడే గదా తింటిమి. మళ్లా తినమంటదేంది?" అన్నది.

దాంతో మరియమ్మకు అనుమానం వచ్చింది. "అమ్మగారు తినను రాలేదు. పిలిచేది తిండికి గాదు" అన్నదట. లీడర్లలో ఒకరు పోయి చూసి రావాలన్నారు మిగతావాళ్లు. మరియమ్మ ఒప్పుకోలేదు. లీడరు జట్టును విడవగూడదని అమ్మగారు అందరి ముందూ చెప్పినారు గదా అన్నది. కాబట్టి ఈల వినవచ్చిన దిక్కుకు శిబిరం శిబిరమంతా బయలుదేరింది. ఆమె నా నియమాన్ని పాటించిందో, నాకు సమాధానం చెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

నాలుక పిడచకట్టి ఈల ఊదలేని స్థితిలో ఉండగా గుట్ట కింద వాళ్ల గొంతులు వినిపించాయి. ముందు నీళ్లు తాగించి, కాలికి కట్టు కట్టారు. తరువాత వెంట తెచ్చిన గుడారపు గడలు రెండు, దుప్పటి ఒకటి తీసి, నేను నేర్పిన విధంగానే డోలీ కట్టారు. పాఠంలో బరువు తక్కువ పిల్లను పడుకోబెట్టి చూపించాను. నాలాంటి దాన్ని మొయ్యాల్సి వస్తుందని చెప్పలేదు. కాసేపటికొకసారి మోసేవాళ్లు మారుతూ, అడుగు తప్పితే నన్ను కింద పడేసేటట్టు ఊగిపోతున్నారు. అందుకని జమీలా నా మెడలోని ఈల తీసుకుంది. నేను పట్టుకోలేకపోతున్న టోపీ కూడా తీసి నెత్తిన పెట్టుకుంది. ముందు నడుస్తూ, అడుగుకొక ఈల ఊదుతూ అందరినీ ఒక తూకంలో నడిపించింది.

తోపు కనపడే దూరం వచ్చేసరికి ఖాసిం సాహెబు బాట మీద నిలబడి ఉన్నాడు. మూడోనాడు వస్తానన్న సంగతి ఆ బెణుకుతో నా తలలోంచి పోయింది. ఆయన వచ్చి చూస్తే గుడారాల్లో నరపురుగు లేదు. అందరూ ఎటో పోయినారని చెప్పడానికి వంటమనిషి మాత్రం ఉంది. ఇప్పుడు ఎదురుగా ఆయన కూతురు, దొర టోపీ పెట్టుకుని, ఈల ఊదుతూ, శిబిరాన్నంతా వెంటేసుకుని వస్తోంది. వెనక దుప్పటిలో నేను. ఇచ్చిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చి, దుప్పటి అంచు మొహం మీదికి లాక్కున్నాను.

డోలీ దించారు. ఆయన దగ్గరికి వచ్చాడు. "నా కూతుర్ని మీకు అప్పజెప్పి పోయినా అమ్మా. ఇప్పుడు చూస్తే మిమ్మల్ని నా కూతురికి అప్పజెప్పినట్టుందే" అన్నాడు.

బండి సిద్ధంగా ఉందనీ, పద పోదామనీ ఆయన జమీలాతో అన్నాడు. అప్పుడామె, "ఇప్పుడు కాదు అబ్బాజాన్. అమ్మగారి కాలికి రేపు కట్టు మార్చాల. రేపటి వంతు నాది" అన్నది. ఆయన నావైపూ, మరియమ్మవైపూ, నా వాచిన కాలివైపూ చూశాడు. ఆ పిల్ల ఇంట్లో కూడా ఎదురు మాట్లాడేది కాదట. ఆయనకు కోపం వస్తుందనే అనుకున్నాను.

"ఉండు. కట్టు సరిగ్గా కట్టు. ఆ టోపీ మాత్రం తీసెయ్యి" అని ఒక్కడే బండెక్కి పోయాడు. ఆ వీధి పిల్లలందరూ చివరిరోజు దాకా ఉన్నారు. నేను మిగిలిన శిబిరమంతా కుర్చీలో కూర్చునే నడిపాను. అది ఎప్పటికన్నా బాగా నడిచిందని లీడర్లు మర్యాదగా చెప్పారు.

తరువాతి శిబిరాల్లో నేను మూడు మార్పులు చేశాను. ఆపదకు మూడు ఈలలే ఉంచి, భోజనానికి గంట కొట్టించాను. జట్టును విడవాలా వద్దా అన్నది లీడరు నిర్ణయానికే వదిలాను. హాజరు పిలిచేటప్పుడు సూపరింటెండెంటు పేరు కూడా పిలిపించాను. ఆ పిలిచే పని అందరికన్నా చిన్న పిల్లకు అప్పగించాను. పర్యవేక్షించే మనిషి ఎక్కడుందో చూడవలసిన బాధ్యత కూడా ఒకరికి ఉండాలి. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నవాటిలో ఇది ఒకటి.