తల లేని సామి నోట్లో బెల్లం

మిషిగన్‌లో, ఈ నోవై ఊళ్లో, మా అమ్మాయి ఇంటికి ఎదురింట్లో ఉండే తెల్లావిడ తన పూలమొక్కల మధ్య ఒక సిమెంటు బుద్ధుణ్ణి కూర్చోబెట్టుకుంది. ఎండాకాలమంతా ఆయన్ని నేను పట్టించుకోలేదు. ఇక్కడ ఇళ్ల ముందు కుందేళ్లు, బాతులు, గుమ్మడికాయలు పెట్టుకున్నట్టే ఆయన్నీ పెట్టుకుంది అనుకున్నాను. మొన్న మంచు పడ్డాక రోడ్డు ఊడ్చే బండి వచ్చి ఆ మంచంతా పక్కకి నెట్టిపోయింది. పొద్దున్నే లేచి కిటికీ తెర జరిపితే ఆయన ఒడి లేదు, చేతులు లేవు, భుజాలు లేవు. తెల్లటి నేల మీద తల ఒక్కటే, కళ్లు మూసుకుని ఉంది. నా చేతిలోని గ్లాసులోంచి కాఫీ వాసన పోయి గుప్పున ఇప్పనూనె వాసన కొట్టింది. నా చిన్నతనమంతా తల లేని ఒక ఒంటి పక్కన గడిచింది. ఆ ఒంటికి తల వెతుక్కుంటూ మేం బండి కట్టుకుని ఊళ్లు తిరిగాం. ఇన్నేళ్లకి, నా కాళ్లకి దారి తెలియని దేశంలో, తల తానే వచ్చి ఎదురుగా కూర్చుంది.

నాకు చదువు సంతకం దాకానే. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో పెట్టిచ్చింది, మాట్లాడితే అదే అక్షరాలు వేసుకుంటుంది. మనవరాలు నిద్రపోయే మధ్యాహ్నాలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని దీనికి చెబుతున్నాను. ఈ ఇంట్లో ఇప్పుడు నేను నోరారా తెలుగు మాట్లాడేది ఈ ఫోన్‌తోనే. అది ఎందుకో చివర చెబుతాను.

మాది కావేరి కాలువలు పారే అరవదేశపు పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఊరి చివర ఇప్పచెట్ల తోపు ఉండేది. ఎండలు ముదిరేసరికి తెల్లటి ఇప్పపూలు రాలి కుళ్లి, తోపంతా పులిసిన కల్లు వాసన వేసేది. దీపావళి ముసురు పట్టిందంటే అదే తోపు మోకాలి లోతు నల్లబురదై, కప్పల అరుపుతో నిండిపోయేది. ఆ తోపు నడుమ, నేలలోకి కొంచెం ఒరిగి, కాళ్లు మడుచుకుని, ఒళ్లో అరచేతిలో అరచెయ్యి పెట్టుకుని, నల్లరాతి మనిషి కూర్చుని ఉండేవాడు. మెడ దగ్గరికి రాయి తెగిపోయి ఉండేది. రోహిణి ఎండలో బండి చక్రం ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలే రోజుల్లో కూడా ఆ ఒడి చల్లగా ఉండేది. ఆయన ముందు ఇప్పనూనె దీపం పెట్టేవాళ్లం, తల లేని సామి అనేవాళ్లం. ఏ సామి అని ఎవరూ అడగలేదు.

పిల్లలకి ఆయనతో ఒక ఆట ఉండేది. ఆయన వెనక రాయి వేసుకుని ఎక్కి, తెగిన మెడ మీద గడ్డం ఆనించి నిలబడితే, ముందునుంచి చూసేవాళ్లకి ఆ ఒంటికి మన తల అతికినట్టు ఉంటుంది. ఒకళ్లు నాలుక బయటపెడతారు, ఒకళ్లు కళ్లు తిప్పుతారు, మిగతావాళ్లు కింద పడి నవ్వుతారు. నా చెల్లెలు పొన్ని ఎక్కినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అది కళ్లు మూసుకుని కదలకుండా నిలబడిపోయేది. ఆ రాతి ఒంటికి ఆ తల ముందునుంచీ ఉన్నట్టే ఉండేది. ఒకసారి మా అవ్వ చూసి, కట్టెలమోపు పడేసి పరిగెత్తుకొచ్చి దాన్ని చంకలో వేసుకుని కిందికి లాగింది.

"ఒద్దు మే! తల అరువిస్తే ఆయన మళ్లా ఇయ్యడు మే!"

పొన్నిని కని మా అమ్మ పోయింది. పొన్నికి మాట రాలేదు. చెవులు బాగానే వినిపించేవి, పిలిస్తే వచ్చేది. వామనగుంటల్లో చింతగింజలు పంచుతూ నన్ను చిత్తుగా ఓడించేది. నోట్లోంచి మాత్రం ముక్క ఊడిపడేది కాదు. బడి ఈడు వచ్చేసింది. మా వైపు ఒక పద్ధతి ఉంది. మాట రాని పిల్లని కూర్చున్న సామి దగ్గరికి తీసుకుపోయి, ముందు సామి పెదాలకి బెల్లం రాసి, ఆ బెల్లాన్నే వేలితో తీసి పిల్ల పెదాలకి రాస్తారు. ఆయన నోరు పిల్లకి వస్తుందని. మా ఊరి సామికి తలే లేదు. నోరెక్కడిది?

ఆ ఎండాకాలం, కోతలైపోయి కాలువలు ఎండిపోయిన రోజుల్లో, కళ్లద్దాల కాడకి దారం కట్టుకున్న ఒక అయ్యవారు మా ఊరు వచ్చాడు. సైకిల్ చక్రం విరగ్గొట్టుకుని మా నాయన బండి బాడుగకి మాట్లాడుకున్నాడు. పాత బుద్ధ విగ్రహాలు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో వెతుకుతున్నాడట. తోపులోకి తీసుకుపోతే మా సామి ముందు చెప్పులు విడిచి, చాలాసేపు చూసి, అరవంలో చెప్పాడు.

"ఈయన బుద్ధుడమ్మా. ఒకప్పుడు ఈ పొలాల్లో ఈయనకి కోవెళ్లుండేవి."

"ఎవరైతే ఏమి నాయనా," అంది అవ్వ. "నువ్వు తిరిగే తావుల్లో ఈయన తల యాడన్నా కనబడిందా, అది చెప్పు."

కనబడలేదన్నాడు. అయితే మేమూ వస్తామని అవ్వ మమ్మల్నిద్దర్నీ వరిగడ్డి మీద కూర్చోబెట్టి తనూ బండెక్కింది. నాయన వద్దనలేదు. ఆ వేసవంతా అయ్యవారు ఒళ్లు వెతికాడు, మేం తల వెతికాం.

ఎంత తిరిగామో! తాటాకులో కట్టిన పెరుగన్నం, మామిడికాయ ముక్క, సత్తుగిన్నెలో నీళ్లు. ఎడ్ల మెడగంటలు తప్ప వేరే చప్పుడు లేని మిట్టమధ్యాహ్నాలు. ఊళ్లోకి పోగానే అయ్యవారు దిగి, టీ అంగడి దగ్గర "ఇక్కడ కాళ్లు మడుచుకుని కూర్చున్న రాతి మనిషి ఎవరన్నా ఉన్నాడా?" అని అడిగేవాడు. "కూర్చున్నోళ్లు శానామంది ఉండారు సామీ! రాతోళ్లు కాదు, పన్లేనోళ్లు!" అని ఒక ఊళ్లో అందరూ పగలబడి నవ్వారు. నవ్వినవాళ్లే మళ్లీ లేచి దారి చూపించారు. ఒకచోట బుద్ధుడు పశువుల కొట్టంలో ఉన్నాడు, మెడకి పలుపు, ఆ పలుపుకి దూడ. ఒకచోట నిలువెల్లా విబూది పూసుకుని మునీశ్వరుడనే ఊరి కాపలా దేవుడై చుట్టలు, సారాయి నైవేద్యం తింటున్నాడు. ఒకచోట చూసిన దాన్ని నేను ఇప్పటికీ మరచిపోలేను. అక్కడి తల్లులు బిడ్డలకి జబ్బు చేస్తే ఆ విగ్రహం ముఖాన్ని గులకరాయితో గీకి ఆ పొడి నీళ్లలో కలిపి తాగించేవాళ్లట. తరతరాలు గీకి గీకి కళ్లు పోయి, ముక్కు పోయి, నోరు పోయి, ముఖం అరచేతిలా నున్నగా ఉంది. దాని ముందు ఒక తల్లి బిడ్డని ఎత్తుకుని వరసలో ఉన్నట్టు నిలబడి ఉంది. పొన్ని నా చెయ్యి పట్టుకుంది. దాని చెయ్యి ఆ రాయంత చల్లగా ఉంది.

తల చివరికి ఒక ఎండిన కాలువలో దొరికింది. రేవు దగ్గర ఆడవాళ్లు బట్టలుతికే బండల్లో ఒకటి గుండ్రంగా, పైన బొడిపెలు బొడిపెలుగా ఉంది. మురికి బాగా వదులుతుందని దాని కోసం వాళ్లు పోట్లాడుకునేవాళ్లట. అయ్యవారు దాని మీద చెయ్యి వేసి ఆగిపోయాడు. ఆ బొడిపెలు జుట్టు ముడులు. నాయన గడ్డపార పెట్టి దొర్లించాడు. కిందివైపు, ఎన్నాళ్లుగానో బురదలో బోర్లా పడుకున్న ముఖం, ఒక్క గీత చెదరకుండా, చిన్నగా నవ్వుతూ మాకేసి తిరిగింది. ఒక చాకలామె చీర కొంగుతో దాని బుగ్గల బురద తుడిచి, "ఇన్నాళ్లూ నీ నెత్తినా బాదింది?" అంది.

బదులుగా ఉతకడానికి మంచి నాపరాయి తెచ్చిస్తామంటే వాళ్లు సంతోషంగా ఇచ్చేశారు. అయ్యవారు టేపు పెట్టి కొలిచి, "అవ్వా, ఇది మీ సామిది కాదు. రాయి వేరు, కొలత వేరు," అన్నాడు.

"నోరుండాదా లేదా?" అంది అవ్వ.

"ఉంది."

"సాలు. బండెక్కించు."

సున్నంలో బెల్లం నీళ్లు కలిపి నాయన ఆ తలని మా సామి మెడ మీద నిలబెట్టాడు. నల్లటి పెద్ద ఒంటి మీద బూడిదరంగు చిన్న తల. మేం ఆడుకున్న ఆటలాగే ఉంది. ఎవరో పిల్ల వెనక ఎక్కి నిలబడి దిగడం మరచిపోయినట్టు ఉంది. అవ్వ ఆ పెదాలకి బెల్లం రాసింది, వేలితో తీసి పొన్ని పెదాలకి రాసింది. పొన్ని నాకేసింది. అంతే.

మర్నాడు ఆ రాతి పెదాలకి చీమలు పట్టాయి. దూరంనుంచి చూస్తే నోరు కదులుతున్నట్టే ఉంది. దాని ఎదురుగా పొన్ని గొంతుక్కూర్చుని ఉంది. దాని పెదాలూ అలాగే కదులుతున్నాయి, సద్దు లేకుండా. నేను పిలిస్తే ఆపేసింది, వెనక్కి తిరగ్గానే మొదలుపెట్టింది. ఆ రోజు నుంచీ అన్నానికి కూడా పిలవగా పిలవగా వచ్చేది. అవ్వ రోజూ బెల్లం మార్చేది. "వస్తా ఉండాది, దారిలో ఉండాది," అని నాయనతో అనేది. నాయన చుట్ట తాగుతూ తోపు వైపు చూసేవాడు కాదు.

ఆడి పద్దెనిమిది పండగ వచ్చింది. కాలువల్లోకి కొత్తనీళ్లు వచ్చే పండగ అది. పులిహోర, కొబ్బరన్నం, నిమ్మకాయన్నం మూటలు కట్టుకుని ఆడపిల్లలందరం కాలువ గట్టుకి పోయి, తాటాకు కమ్మలు, నల్లపూసలు నీళ్లలో వదిలేవాళ్లం. ఎర్రటి నీళ్లు పుల్లల్నీ నురగనీ తోసుకుంటూ వచ్చే చప్పుడు, తడిసిన మట్టి వాసన, చేతులకంటిన పసుపు. ఆ రోజే రేవు ఊరి పెద్దలు బండి కట్టుకుని వచ్చారు. తల కదిలించినప్పటినుంచీ వాళ్ల ఊళ్లో దూడలు పడి చచ్చిపోతున్నాయట. మా తల మాకియ్యండి అన్నారు.

అవ్వ వాళ్ల కాళ్ల మీద పడబోయింది. "పిల్లకి మాట రానీండయ్యా. ఈ ఒక్క నెల ఓర్సుకోండి."

"నీ పిల్ల ఒకతె. మా దూడలు ఊరంతటివీ," అన్నాడు ఒక ముసలాయన. కోపంగా కాదు, భయంగా అన్నాడు.

నాయనే సున్నం గీకి తలని దించాడు. వాళ్లు దాన్ని గడ్డిలో, ముఖం వెనక్కి తిరిగేలా పడుకోబెట్టారు. బండి గట్టు మీద కదిలింది. పొన్ని చేతిలోని తాటాకు కమ్మలు పడేసి బండి వెనక నడిచింది, తరవాత పరిగెత్తింది.

"పోగాదే!"

గట్టు మీదున్నవాళ్లందరూ తిరిగి చూశారు.

"పోగాదే! ఇంగయే ఇరు!"

పోవద్దు, ఇక్కడే ఉండు అని. అరవంలో. పసిపిల్ల ముద్దుమాట కాదు అది. ఎన్నాళ్లుగానో వాడి అరిగిన మాటలా, బరువుగా, తప్పు లేకుండా వచ్చింది. ఎడ్లు వాటంతటవే ఆగిపోయాయి. బండివాడు చెళ్లుమని కొట్టినా కదల్లేదు. నాయన పరిగెత్తి పొన్నిని ఎత్తుకుని, "ఇంకోసారి అను తల్లీ, నాయనా అను," అన్నాడు ఏడుస్తూ. అది ఆయన ముఖంలోకి చూసి, "అప్పా," అంది.

అవ్వ వచ్చి ఎడ్ల మూపులు నిమిరి, "తీసుకుపోండయ్యా. ఆయన ఇచ్చేది ఇచ్చేసినాడు," అంది. బండి పోయాక నాయనతో మెల్లగా అంది. "నోరైతే వచ్చింది రా. మన నోరు కాదు."

ఊరంతా అరవమే కదా, పిల్ల చెవుల్లో అదే నిండింది అని అయ్యవారు తరవాత వచ్చి చెప్పాడు. అయ్యుండొచ్చు. కానీ పొన్ని బతికినన్నాళ్లూ ఒక్క తెలుగు ముక్క మాట్లాడలేదు. తెలుగులో తిడితే నవ్వేది, తెలుగులో అడిగితే అరవంలో చెప్పేది. నన్ను నెల్లూరు వైపు ఇచ్చాక ఫోన్లలో కూడా అంతే, నాది ఒక భాష, దానిది ఒక భాష. నా మొగుడు పోయినప్పుడు వచ్చి నన్ను పట్టుకుని ఏడ్చింది కూడా అరవంలోనే. నా చెల్లెలి గొంతే, కానీ ఎవరో మధ్యలో కూర్చుని చెబుతున్నట్టు ఉండేది నాకు.

పోయినేడు పొన్ని పోయింది. నేను వెళ్లేసరికి తోపు లేదు. ఇప్పచెట్లు కొట్టేసి రోడ్డు వేశారు. సామి ఏమయ్యాడంటే లారీలో ఎటో తీసుకుపోయారన్నారు, ఎవరో ఎవరికీ తెలియదు. ఇప్పనూనె అడిగితే అంగడివాడు నా ముఖం చూశాడు. మా అవ్వ మాట్లాడిన ఆ తెలుగు మాట్లాడేవాళ్లలో ఆ ఇంట్లో నేనే ఆఖరిదాన్ని.

ఇప్పుడు నా మనవరాలు రియాకి మూడో ఏడు నడుస్తోంది. మాట రాలేదు. దాన్ని వారం వారం మాటలు నేర్పే చోటికి తీసుకుపోతున్నారు. మా అమ్మాయి నా పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పింది. "అమ్మా, ఫీల్ అవ్వకు. డేకేర్‌లో ఇంగ్లీష్, ఇంట్లో తెలుగు అయ్యేసరికి కన్‌ఫ్యూజ్ అవుతుందేమో అనిపిస్తోంది. కొన్నాళ్లు నువ్వు కూడా దాంతో ఇంగ్లీష్ ముక్కలే వాడు. ప్లీజ్." సరే అన్నాను. మిల్క్, షూస్, నో, కమ్. నాకున్నది ఆ నాలుగు మాటలే. మిగతా పొద్దంతా మేమిద్దరం మూగవాళ్లం.

నిన్న రియా కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎదురింటి మంచులోని తలకేసి చూస్తూ పెదాలు కదుపుతోంది, సద్దు లేకుండా. మా అమ్మాయి కింద బేస్‌మెంట్‌లో ఆఫీస్ కాల్‌లో ఉంది. డబ్బాలోంచి బెల్లం ముక్క తీసుకుని, అమ్మాయి బూట్లు వేసుకుని రోడ్డు దాటాను. కొంగుతో ఆ సిమెంటు పెదాల మీది మంచు తుడిచాను. ఆ ముఖం నన్ను గుర్తుపట్టినట్టే నవ్వుతోంది. బెల్లం పట్టుకున్న చెయ్యి ఆయన నోటి దాకా పోయింది. అక్కడ ఆగింది. ఈయన ఇస్తాడు, ఇవ్వడని కాదు. ఏ నోరు ఇస్తాడో నాకు తెలుసు. రేపు ఈ పిల్ల ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంది, నేను దాని ముందు కూర్చుని నవ్వుతూ తలూపుతుంటాను.

వెనక్కి తిరిగి వచ్చాను. రియా కిటికీ దగ్గరే ఉంది. కింద కూర్చుని దాన్ని నా వైపు తిప్పుకున్నాను. ఆ బెల్లాన్ని ముందు నా పెదాలకి రాసుకుని, వేలితో తీసి, దాని పెదాలకి రాశాను. నాకింది. "నాతో మాట్లాడు మే," అన్నాను తెలుగులో, అమ్మాయికి ఇచ్చిన మాట పక్కనబెట్టి. అది నా నోటికేసి చాలాసేపు చూసింది. తరవాత తన చిన్న చెయ్యి ఎత్తి, ఇంకా బెల్లం అంటుకుని ఉన్న నా పెదాల మీద పెట్టింది, అవి మళ్లీ కదులుతాయేమోనని.