గుండ్రంగా సంతకాలు

అపార్ట్‌మెంటు ప్రెసిడెంటును దించేద్దామంటూ పొద్దున పక్కింటాయన ఒక కాగితం తెచ్చిచ్చాడు. మొదట సంతకం చేసిందెవరో తెలియకుండా అన్నీ కాగితం మధ్య రాత చుట్టూ గుండ్రంగా పెట్టి ఉన్నాయి. ఇలాంటి కాగితాన్ని చిన్నప్పుడు మా ఊరు బోగోలులో చూశాను.

మా నాన్న చర్చి పెద్ద. ఒక మధ్యాహ్నం తోటి పెద్దలు మా వరండాలో గుసగుసలాడి వెళ్లాక, బల్లమీద అలాంటిదే మిగిలింది. చదవడం రాని నాకు అది పువ్వు. పాస్టరుగారి పుట్టినరోజు కార్డేమో అనుకుని, రేకులకు ఎర్ర పెన్సిలుతో రంగేసి అమ్మకిచ్చాను.

అమ్మ చదివింది. తమ పెళ్లి చేసిన పాస్టరుగారిని పంపించేయమని అందులో ఉంది. రేకుల్లో ఒకటి నాన్న సంతకం.

"ఇంత పని చేసేటప్పుడు నాతో ఒక్క మాటన్నా చెప్పినారా?" అని నాన్నని అడిగింది.

"సంఘం మంచికేలే. నీకెందుకు ఇవన్నీ?" అన్నాడు నాన్న.

పాస్టరుగారు వెళ్లిపోయారు. ఆ తర్వాత చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచినా నాన్న బెంచీ మీదే కూర్చునేవాడు. ఇంటికొచ్చి ఏదో చెప్పుకోబోతే అమ్మ నీరసంగా, "నాకెందుకు ఇవన్నీ?" అనేది. నాన్న చనిపోయేదాకా అదే మాట.

ఇందాక మా ఆయన, "ఏం కాగితం అది?" అన్నారు. "మీకెందుకు" అని నోటిదాకా వచ్చింది. ఒంట్లో ఓపిక లేకపోయినా, కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమన్నాను.